స్టార్చ్ కలిపిన ప్లాస్టిక్: తయారీ, గుణాలు, కొల్లేటి తడి

స్టార్చ్ కలిపిన ప్లాస్టిక్ అనే పేరు కింద కనీసం మూడు వేర్వేరు సరుకులు చెలామణి అవుతున్నాయి. మొదటిది మామూలు పాలిథీన్‌లో పొడి పిండి కలిపింది. రెండోది పిండినే గ్లిజరిన్‌తో మెత్తబరిచి, వేడికి కరిగే ముద్దగా మార్చింది. మూడోది ఆ ముద్దను మట్టిలో కలిసిపోయే పాలియెస్టర్‌తో కలిపి ఊదిన ఫిల్ము. మూడింటి మీదా మొక్కజొన్న కంకి బొమ్మో, పచ్చటి ఆకు బొమ్మో ఉంటుంది. చేతికి మూడూ ఇంచుమించు ఒకేలా తగులుతాయి. వాడి పారేశాక మాత్రం ఎవరి దారి వారిదే. మొదటిది పొడిపొడిగా చిట్లుతుంది కానీ పోదు. రెండోది వర్షంలోనే పాడవుతుంది. మూడోది తగిన వేడి, తడి, సూక్ష్మజీవులు దొరికితే పోతుంది, దొరక్కపోతే అదీ చాలాకాలం అలాగే ఉంటుంది.

పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడు లాంటి ఊరికి ఈ తేడా బాగా పట్టింపు ఉన్న విషయం. ఒక పక్క రైసు మిల్లులు, నూకలు, తౌడు. ఇంకో పక్క కొల్లేరు, దాని నీటిని సముద్రానికి మోసుకుపోయే ఉప్పుటేరు, రెండింటి చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పిండికి కొదవ లేదు, ప్లాస్టిక్‌కీ కొదవ లేదు. మేత బస్తాలు, రొయ్య పిల్లను తెచ్చే ఆక్సిజన్ కవర్లు, ఐసు వేసి చేపలు సర్దే థర్మోకోల్ పెట్టెలు, సంతలో చేతికిచ్చే క్యారీ బ్యాగులు, అన్నీ చివరికి ఏదో ఒక గట్టు మీదో, బోదెలోనో తేలతాయి. కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో 90,100 హెక్టార్ల చిత్తడి రామ్సర్ జాబితాకెక్కింది. అలాంటి చోట "మట్టిలో కలిసిపోయే కవరు" అన్న మాట వినసొంపుగా ఉంటుంది. అది నిజమో కాదో తేలాలంటే నీటి సంగతి తెలియాలి. ఈ ప్లాస్టిక్ కథంతా నీళ్ళ చుట్టూ తిరుగుతుంది. తయారయ్యేటప్పుడు నీరు సాయం చేస్తుంది, తయారయ్యాక అదే శత్రువవుతుంది, పారేశాక మళ్ళీ అదే కావాలి.

పిండిలో ఏముంది

మొక్కలు గ్లూకోజును గొలుసులుగా పేర్చి దాచుకునే నిల్వే స్టార్చ్. అందులో రెండు రకాల గొలుసులుంటాయి. కొమ్మలు లేని పొడవాటి తీగలాంటిది అమైలోజ్, గుబురు కొమ్మల చెట్టులాంటిది అమైలోపెక్టిన్. స్వర్ణ, సాంబ లాంటి మన బియ్యంలో అమైలోజ్ ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది. మొక్కజొన్నలో నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ, కర్రపెండలంలో 20 శాతానికి లోపు. అమైలోజ్ పెరిగేకొద్దీ దానితో చేసిన ఫిల్ము గట్టిగా, సాగేలా వస్తుంది. అమైలోపెక్టిన్ ఎక్కువైతే పెళుసు.

ఈ గొలుసులు విడిగా ఉండవు, సూక్ష్మమైన గింజలుగా ముడుచుకుని ఉంటాయి. బియ్యపు పిండి గింజ చాలా చిన్నది, అడ్డంగా 3 నుంచి 8 మైక్రాన్లు. మొక్కజొన్నది సగటున 15, కర్రపెండలానిది 20 దరిదాపుల్లో ఉంటుంది. బంగాళాదుంపలో ఒక్కో గింజ 100 మైక్రాన్ల దాకా పోతుంది. సంఖ్యలు పొడిపొడిగా కనిపించినా వీటి వెనక తీర్పు ఉంది. సన్నపాటి కవరు మందం 20 నుంచి 50 మైక్రాన్లే కదా, అందులో 60 మైక్రాన్ల బంగాళాదుంప గింజ పట్టదు, ఫిల్మును చీల్చుకుని బయటికొస్తుంది. బియ్యపు గింజ ఇట్టే ఇమిడిపోతుంది.

పొడి స్టార్చ్ తనంతట తాను కరగదు. ఇది కీలకం. పాలిథీన్‌ను వేడిచేస్తే 110 డిగ్రీల దగ్గర కరిగి పాకమవుతుంది. స్టార్చ్‌ను వేడిచేస్తే కరిగే లోపే, 220 డిగ్రీలు దాటేసరికి మాడిపోతుంది. గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాలు అంత బిగువు. ఆ బిగువు సడలించాలంటే మధ్యలోకి ఏదైనా చిన్న అణువు దూరాలి, దాన్నే ప్లాస్టిసైజర్ అంటారు. నీరు ఆ పని ఇష్టంగా చేస్తుంది. గంజి కాచేటప్పుడు 60 నుంచి 75 డిగ్రీల మధ్య జరిగేది అదే: గింజ నీరు తాగి ఉబ్బి పగిలి, లోపలి గొలుసులు బయటికొచ్చి చిక్కబడతాయి.

ఈ విద్య కోనసీమలో ఎప్పటినుంచో ఉంది. ఆత్రేయపురం పూతరేకు ప్లాస్టిసైజర్ పడని స్టార్చ్ ఫిల్ముకు చక్కటి నమూనా. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట, పలచటి బియ్యపు పాలలో ముంచిన గుడ్డ కుండ వీపు మీదుగా ఒక్క లాగు. క్షణంలో నీరు ఆవిరై, కాగితంకన్నా పలచటి రేకు అంచులు లేచి విడివడుతుంది. ఆ రేకును అలాగే మడవబోతే గలగలమని విరిగిపోతుంది. తడిబట్ట తగిలిస్తే మాత్రం పట్టుగుడ్డలా లొంగి మడత పడుతుంది. రేకు మారలేదు, దాని గొలుసుల మధ్యకు కాసిని నీళ్ళు చేరాయంతే. ఈ రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన ఇంజనీరుకు నాలుగు పేజీల్లో చెప్పాల్సిన ప్లాస్టిసైజర్ పాఠం తడిబట్ట పట్టుకున్న ఆ చేతిలో ఉంది.

కాకపోతే నీరు నిలకడ లేని ప్లాస్టిసైజర్. ఎండకు ఎగిరిపోతుంది, వానకు తిరిగొస్తుంది. అందుకే పరిశ్రమలో దాని బదులు గ్లిజరిన్, సార్బిటాల్ లాంటివి వాడతారు. స్టార్చ్‌లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా గ్లిజరిన్ వేసి, వేడి, ఒత్తిడి, మర్దన మూడూ ఒకేసారి తగిలిస్తే గింజలు పగిలి ఏకముద్ద అవుతుంది. దాన్ని థర్మోప్లాస్టిక్ స్టార్చ్ అంటారు.

ఎవరు మొదలుపెట్టారు

పాలిథీన్‌లో పిండి కలపాలన్న ఆలోచనకు పేటెంట్ల స్థాయిలో రూపమిచ్చింది ఇంగ్లండ్ బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రిఫిన్, 1970ల్లో. ఆయన పద్ధతిలో పిండి గింజ గింజగానే ఉంటుంది. నీటి గుణమున్న గింజ, నూనె గుణమున్న పాలిథీన్ కలవవు గనుక గింజ పైపూతకు సిలేన్ వాడారు. పాలిథీన్ గొలుసు త్వరగా ఆక్సీకరణ చెందడానికి కొద్దిగా అసంతృప్త కొవ్వు కలిపారు. అప్పట్లో బజారుకొచ్చిన ఇలాంటి కవర్లలో పిండి 6 నుంచి 15 శాతం దాకా మాత్రమే. దాదాపు అదే కాలంలో అమెరికా ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలోని వ్యవసాయ శాఖ పరిశోధనశాలలో ఓటీ బృందం ఇంకో దారి పట్టింది. పిండిని ముందే ఉడికించి, ఎథిలీన్ ఎక్రిలిక్ యాసిడ్ అనే పాలిమర్‌తో కలిపి, సగం దాకా పిండి ఉన్న ఫిల్ములు ఊదారు. 1990 ప్రాంతంలో ఇటలీ కంపెనీ నోవామోంట్ మేటర్-బై పేరుతో మూడో తరాన్ని తెచ్చింది: పాలిథీన్ పూర్తిగా పోయి, స్టార్చ్‌కు తోడుగా కుళ్ళగలిగే పాలియెస్టర్లు వచ్చాయి. 1998లో బీఏఎస్‌ఎఫ్ తెచ్చిన ఎకోఫ్లెక్స్, అంటే పీబీఏటీ అనే కుళ్ళగలిగే పాలియెస్టర్, ఈ రంగానికి పునాది రాయి అయింది. ఇవాళ మన దగ్గర కంపోస్టబుల్ అని అమ్మే కవర్లలో అధికభాగం పీబీఏటీతో చేసినవే, అందులో స్టార్చ్‌ది భాగస్వామి స్థానం. దుకాణంలో "మొక్కజొన్న కవరు" అంటారు గానీ, చాలావాటిలో మొక్కజొన్న వాటా సగానికి లోపే, మిగతాది పెట్రోలియం నుంచి వచ్చిన పాలియెస్టర్. పెట్రోలియం నుంచి వచ్చినంత మాత్రాన కుళ్ళకూడదని లేదు, మొక్క నుంచి వచ్చినంత మాత్రాన కుళ్ళాలనీ లేదు. గొలుసులో ఎలాంటి బంధముందన్నదే లెక్క.

యంత్రంలో ఏం జరుగుతుంది

బస్తాలో వచ్చే స్టార్చ్ పొడిగానే కనిపిస్తుంది కానీ అందులో 10 నుంచి 14 శాతం నీరుంటుంది. పాలిథీన్‌లో గింజలుగా కలపదలిస్తే ఆ తేమను 1 శాతం లోపుకు దించాలి. లేకపోతే 150 డిగ్రీల యంత్రంలో ఆ నీరు ఆవిరై, ఫిల్ము నిండా బొబ్బలు లేస్తాయి. వేడిగాలి పళ్ళాల్లో గంటల తరబడి ఆరబెట్టి, వెంటనే మూత బిగించాలి. కోస్తాలో వానాకాలపు గాలి సంచి మూతి విప్పిన గంటలోనే పని చెడగొడుతుంది.

థర్మోప్లాస్టిక్ స్టార్చ్‌కు దారి వేరు. పిండిలో గ్లిజరిన్ పోసి వేగంగా తిరిగే మిక్సర్‌లో కలిపితే తడి ఇసుకలా పొలపొలలాడే మిశ్రమం వస్తుంది. దాన్ని మూసిన డబ్బాలో ఒక రాత్రి నానేస్తే గ్లిజరిన్ గింజలోకి ఇంకుతుంది. అట్ల పిండి నానబెట్టినట్టే, తొందరపడితే పని పాడు. తర్వాత రెండు స్క్రూల ఎక్స్‌ట్రూడర్‌లో పోస్తారు. పక్కపక్కనే ఒకే దిక్కుకు తిరిగే రెండు పొడవాటి మరలు ముద్దను నలుపుతూ ముందుకు నెడతాయి. మొదటి భాగంలో 90 డిగ్రీలు, చివరికి 140, 150. మధ్యలో ఒక కిటికీ ద్వారా వ్యాక్యూమ్ పెట్టి మిగిలిన ఆవిరి లాగేస్తారు. సరిగ్గా కుదిరినప్పుడు మూతి దగ్గర తెల్లటి పిండి ఛాయలేమీ కనపడవు, లేత తేనె రంగులో, వెలుగు దూరే తీగ సాగుతూ వస్తుంది. తీగలో తెల్ల చుక్కలుంటే గింజలు పూర్తిగా పగల్లేదన్నమాట. అన్నంలో పలుకు ఎలాగో ఇదీ అలాగే. గోధుమ రంగు తిరిగి మాడు వాసన వస్తే వేడి ఎక్కువైంది.

మామూలు ప్లాస్టిక్ తీగను నీళ్ళ తొట్టిలో చల్లార్చి ముక్కలు కోస్తారు. ఈ తీగను నీళ్ళలో ముంచితే జిగటయిపోతుంది, అందుకే బెల్టు మీద గాలికే చల్లార్చాలి. కోసిన ముక్కల్ని వ్యాపారంలో దానా అంటారు. చేపల చెరువుల ఊళ్ళో ఆ మాటంటే దాణా అనుకుని మేత సంగతి ఎత్తే ప్రమాదముంది. ఆ దానాను పీబీఏటీ దానాతో కలిపి మళ్ళీ ఒకసారి కరిగించి, గుండ్రటి డై గుండా పైకి ఊదితే పెద్ద గొట్టంలాంటి బుడగ లేస్తుంది. పైన రోలర్ల మధ్య అది నలిగి చాపలా చుట్టుకుంటుంది. పీబీఏటీ 120 డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి స్టార్చ్ మాడే భయం తక్కువ. స్టార్చ్‌కు ఈ పాలియెస్టర్ మంచి జోడీ కావడానికి ఇదొక పెద్ద కారణం. నీళ్ళ సీసాలకు వాడే, దాదాపు 260 డిగ్రీలు కావలసిన పెట్‌లో స్టార్చ్ కలపడం ఎవరూ తలపెట్టరు.

కలపడమంటే కలిసిపోవడం కాదు. స్టార్చ్‌కు నీరంటే ప్రీతి, పాలిథీన్‌కు నీరంటే పడదు. మైక్రోస్కోపులో చూస్తే పాలిథీన్ నిండా పిండి ముద్దలు ఎడంగా, చుట్టూ సందులతో, తాళింపులో ఆవాల్లా కనిపిస్తాయి. లాగినప్పుడు ఆ సందుల దగ్గరే ఫిల్ము చిరుగుతుంది. ఇద్దరి మధ్యా పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి మూడో పదార్థం కావాలి. దాని ఒక చివర పాలిథీన్ గొలుసు, ఇంకో చివర స్టార్చ్ హైడ్రాక్సిల్‌ను పట్టుకోగల మలీక్ అన్‌హైడ్రైడ్. కాసింత పెరాక్సైడ్ వేసి ఈ అతుకును ఎక్స్‌ట్రూడర్‌లోనే వేయవచ్చు. మధ్యవర్తి కుదిరితే పిండి ముద్దలు చిన్నవై సమంగా సర్దుకుంటాయి, బలం చాలావరకు తిరిగొస్తుంది.

బలం, సాగుడు, గాలి, ఆవిరి

మంచి ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథీన్) ఫిల్ము తెగడానికి 10 నుంచి 20 మెగాపాస్కళ్ళ లాగుడు కావాలి, తెగేలోపు తన పొడవుకు నాలుగైదు రెట్లు సాగుతుంది. పిండి పెరిగేకొద్దీ బలం మెల్లగా తగ్గితే, సాగుడు ఒక్కసారిగా పడిపోతుంది. కూరగాయలు వేసిన కవరు చెవి దగ్గర పుటుక్కున తెగడం ఈ సాగుడు లోపమే. బిరుసు మాత్రం పెరుగుతుంది. ఒట్టి థర్మోప్లాస్టిక్ స్టార్చ్ సంగతి గాలిలో తేమను బట్టి మారుతుంది: సంక్రాంతి పొడిగాలిలో బిరుసుగా ఉన్న ముక్క శ్రావణంలో తోలులా మెత్తబడి, వేళ్ళకు అంటుకుంటుంది.

దీనికి తోడు వయసు. తయారైన కొన్ని గంటల్లోనే అమైలోజ్, కొన్ని వారాలకు అమైలోపెక్టిన్, మళ్ళీ వరస కట్టి గట్టిపడతాయి. చద్దన్నం మెతుకు బిరుసెక్కడానికీ ఇదే కారణం. యూరియా లాంటివి కొంత కలిపితే ఈ గట్టిపాటు నెమ్మదిస్తుంది. గోదాములో నెలల తరబడి ఉన్న స్టార్చ్ కవర్లు మడత దగ్గర చిట్లితే దుకాణదారు మోసం అంటాడు, నిజానికి అది పదార్థపు స్వభావం.

గాలి, ఆవిరి విషయంలో స్టార్చ్, పాలిథీన్ తలకిందుల జోడీ. పాలిథీన్ నీటి ఆవిరిని ఆపుతుంది, ఆక్సిజన్‌ను అంతగా ఆపదు. పొడి స్టార్చ్ ఆక్సిజన్‌ను బాగా ఆపుతుంది, నీటి ఆవిరికి తలుపులు బార్లా తీస్తుంది. తడిస్తే ఆక్సిజన్‌నూ ఆపలేదు. హేచరీ నుంచి రొయ్య పిల్లను తెచ్చే కవరులో కొంత నీరు, మిగతా ఆక్సిజన్ ఉంటాయి. అక్కడ స్టార్చ్ ఫిల్ముకు చోటే లేదు: ఉన్న ఒక్క సుగుణమూ లోపలి నీటికే పోతుంది. ఆకుకూరలకు ఇదే లోపం లాభంగా మారుతుంది. పాలిథీన్ కవరులో తోటకూర చెమటపట్టి కుళ్ళితే, పీబీఏటీ-స్టార్చ్ కవరు ఆ ఆవిరిని బయటికి వదిలేస్తుంది. నూనె, నెయ్యి స్టార్చ్‌లోకి ఇంకవు, అదింకో సుగుణం.

సాంద్రత గురించి పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి, కానీ చెరువుల నాడులో అది ప్రధానమే. స్టార్చ్ సాంద్రత సుమారు 1.5, ఎల్‌డీపీఈది 0.92, పీబీఏటీది 1.25. లెక్క కడితే బరువులో ఐదో వంతు పిండి కలిసేదాకా పాలిథీన్ కవరు నీటిపై తేలుతుంది, అంతకు మించితే మునుగుతుంది. పీబీఏటీ కవర్లు ఎటూ మునుగుతాయి. తేలేది కంటికి కనపడుతుంది, వలతో తీయవచ్చు. మునిగింది చెరువు అడుగు బురదలో, ఆక్సిజన్ అందని చోట ఉండిపోతుంది.

పోవడం, చిట్లడం

పాలిథీన్‌లోని పిండి గింజను సూక్ష్మజీవుల అమైలేజ్ ఎంజైములు తినగలవు, గింజ దాకా చేరగలిగితే. గింజ చుట్టూ పాలిథీన్ గోడ ఉంటే చేరలేవు. గింజలు ఒకదానికొకటి తగులుతూ ఫిల్ము ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా దారి ఏర్పడాలంటే ఘనపరిమాణంలో సుమారు 30 శాతం పిండి ఉండాలని పెర్కొలేషన్ లెక్కలు చెబుతాయి. స్టార్చ్ బరువైనది కాబట్టి ఘనపరిమాణంలో 30 అంటే బరువులో 40 శాతం దాటాలి. బజారులో అమ్మిన 6 శాతం, 10 శాతం కవర్లలో పైపైన ఉన్న గింజలు పోయి, లోపలివి ఎప్పటికీ అలాగే ఉంటాయి. 40 శాతం కలిపినా పోయేది పిండి మాత్రమే. జల్లెడలా చిల్లులుపడ్డ పాలిథీన్ చిట్లి, కంటికి ఆనని ముక్కలై మిగులుతుంది. కనపడకపోవడాన్ని కలిసిపోవడంగా అమ్మిన కాలం అది, ఇంకా పూర్తిగా పోలేదు.

పీబీఏటీ గొలుసులో ఎస్టర్ బంధాలుంటాయి. నీరు, ఎంజైములు కలిసి వాటిని తెంచగలవు, ముక్కల్ని సూక్ష్మజీవులు తిని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. కంపోస్టబుల్ అనిపించుకోవాలంటే మన దేశంలో ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణం దాటాలి. 58 డిగ్రీల దగ్గర నడిచే కంపోస్టులో 180 రోజుల లోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదోవంతుకు మించి మిగలకూడదు. ఆ 58 డిగ్రీలన్న సంఖ్యను గుర్తుపెట్టుకోవాలి. పెద్ద కంపోస్టు కుప్ప నడుమ ఆ వేడి పుడుతుంది. పెరట్లో చిన్న గుంతలో పుట్టదు. కొల్లేటి నీళ్ళు 30 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి. కంపోస్టబుల్ ముద్ర ఉన్న కవరు ఉప్పుటేరులో పడితే ఆ ముద్ర అక్కడ చెల్లదు.

చట్టం వైపు చూస్తే, 2021 ఆగస్టు సవరణతో క్యారీ బ్యాగుల కనీస మందం ఆ సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెరిగింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషిద్ధం. కంపోస్టబుల్ కవర్లకు మందం నియమం లేదు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి. పాలిథీన్‌లో పిండి కలిపింది ఈ మినహాయింపు కిందికి రాదు.

ఇంట్లో గుర్తుపట్టడానికి అయోడిన్ చుక్క పనికొస్తుంది. కవరు కొసను వేడినీళ్ళలో నానబెట్టి టింక్చర్ చుక్క వేస్తే, స్టార్చ్ పైకి తేలిన చోట నీలి నలుపు తిరుగుతుంది. అది స్టార్చ్ ఉందని మాత్రమే చెబుతుంది, తోడు ఎవరో చెప్పదు. కాల్చి చూస్తే పాలిథీన్ కొవ్వొత్తి వాసన వేస్తుంది, స్టార్చ్ మాడిన అన్నం వాసన. వేడినీళ్ళలో కవరు కరిగించి చూపించే ప్రదర్శనలు చాలావరకు పాలివినైల్ ఆల్కహాల్ మహిమ. కరగడం వేరు, కుళ్ళడం వేరు.

పిండి ఎక్కడిది

డెల్టాలో వరి, మెట్టలో కర్రపెండలం, మొక్కజొన్న. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులు కర్రపెండలం దుంపను తొక్క తీసి, తురిమి, వస్త్రగాళితం పట్టి, పాలను తొట్లలో పేరబెట్టి పిండి తీస్తాయి. కర్రపెండలం పిండిలో ప్రొటీన్, కొవ్వు అతి తక్కువ, అందుకే ప్లాస్టిక్‌కు శుభ్రమైన సరుకు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ఈ పిండిని ఎల్‌డీపీఈలో కలిపి ఫిల్ములు ఊదడం మీద పనిచేసింది. ఆకివీడుకు దగ్గరలోని నూకలు చవకే గానీ, నేరుగా నూకపిండి వేస్తే అందులో 6 నుంచి 8 శాతం ప్రొటీన్ ఉంటుంది. అది వేడిలో చక్కెరలతో కలిసి గోధుమరంగు, వాసన తెస్తుంది. ప్రొటీన్ విడదీయాలంటే క్షారపు నీళ్ళలో నానబెట్టి కడగాలి, ఆ కడుగునీటికి మళ్ళీ ఖర్చు. గింజ చిన్నదన్న సుగుణం ఈ ఖర్చు దగ్గర ఓడిపోతోంది.

తినే గింజను కవరు చేయడమేమిటన్న అభ్యంతరం తరచూ వినపడుతుంది. 8 గ్రాముల కవరులో 30 శాతం స్టార్చ్ అంటే 2.4 గ్రాములు, బియ్యం లెక్కలో 3 గ్రాములు, ఒక చిటికెడు. ఒక్క కవరుకు అభ్యంతరం నిలవదు. కోట్ల కవర్లకు కొంత నిలుస్తుంది. అయినా ఈ ప్రాంతంలో నూకలకూ మొక్కజొన్నకూ అసలు పోటీదార్లు కోళ్ళ ఫారాలు, మేత మిల్లులు, ఇథనాల్.

ఎక్కడ నప్పుతుంది

తెలుగునాట అందరి చేతుల్లోకి వచ్చిన ఉదాహరణ తిరుమల లడ్డూ సంచి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రూపొందించిన మొక్కజొన్న స్టార్చ్ సంచుల అమ్మకం కేంద్రాన్ని 2021 ఆగస్టులో అప్పటి డీఆర్‌డీఓ ఛైర్మన్ జి.సతీశ్‌రెడ్డి తిరుమలలో ప్రారంభించారు. 90 రోజుల్లో మట్టిలో కలిసిపోతాయని, పశువులు తిన్నా హాని లేదని అప్పుడు చెప్పారు. లడ్డూకు ఈ ఫిల్ము నప్పడానికి ఇంకో కారణం ఎవరూ అంతగా చెప్పలేదు: స్టార్చ్ నెయ్యిని పీల్చుకోదు. సంచిని కొండ మీదే పారేస్తే, అక్కడ తడిచెత్త వేరుగా పోగయ్యే ఏర్పాటు ఉంది కాబట్టి దాని చివరి మజిలీ కూడా చేతిలోనే ఉంటుంది.

కొల్లేటి చేపల చెరువు దీనికి పూర్తి వ్యతిరేకం. ఇక్కడ మేత వేసే పద్ధతే వేరు. ప్లాస్టిక్ బస్తా అడుగున చిల్లులు పొడిచి, తౌడు, డీఓబీ అనే నూనె తీసిన తౌడు, నూనెగింజల చెక్క కలిపి నింపి, చెరువులో పాతిన వెదురు గడలకో, అడ్డంగా కట్టిన తాడుకో వేలాడదీస్తారు. శీలావతి, బొచ్చె చేపలు కిందికొచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. రోజూ తడిసి, ఎండి, చేపలు పొడిచి, చివరికి పాలిప్రొపిలీన్ అల్లిక బస్తా పోగులు పోగులుగా ఊడి బురదలో చేరుతుంది. ఇదే ఇక్కడి ప్లాస్టిక్ బాధల్లో పెద్దది. దీనికి స్టార్చ్ బస్తా మందు కాదు. నీళ్ళలో ఉబ్బి, తౌడు బరువుకు చిల్లులు పెద్దవై, మేతంతా ఒక్కపూటలో జారిపోతుంది. థర్మోకోల్ పెట్టె బదులు స్టార్చ్ నురగ పెట్టాలన్నా అంతే. సగ్గుబియ్యం వడియం నూనెలో పొంగినట్టు స్టార్చ్‌ను ఆవిరితో పొంగించి సామాను చుట్టూ నింపే గుల్లలు చేస్తారు, పింగాణీ సామానుకు బాగుంటాయి. ఐసు నీళ్ళు తగిలితే గంజి.

అసలు నప్పేది నేల మీద, నేలలోనే ముగిసే పనుల్లో. మెట్టలో పుచ్చ, మిరప, కూరగాయల సాళ్ళ మీద పరిచే మల్చింగ్ షీటు పంట అయ్యాక ఏరాలి, ఏరినా సగం మట్టిలోనే చిరిగి మిగులుతుంది. పీబీఏటీ-స్టార్చ్ షీటైతే దుక్కిలో కలిపి దున్నేయవచ్చు. ఇలాంటి షీట్లకు ఐరోపా 2018లో ప్రత్యేక ప్రమాణం పెట్టుకుంది. ధర ఎక్కువ, కానీ ఏరే కూలి మిగులుతుంది. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఈ లెక్క తేల్చడానికి అంతకన్నా అనువైన పొలాలు జిల్లాలో లేవు.

రెండోది నర్సరీ కవరు. కడియం, కడియపులంక నర్సరీల్లో ప్రతి మొక్కకూ ఒక నల్ల పాలిథీన్ సంచి. నాటేటప్పుడు దాన్ని కోసి తీయాలి, తీస్తే వేళ్ళు కదులుతాయి, తీయకపోతే వేళ్ళు లోపలే చుట్టుకుంటాయి. స్టార్చ్ మిశ్రమపు సంచిని అలాగే గుంతలో పెట్టవచ్చు. రోజూ నీళ్ళు పోసే తడి మట్టి ఎంజైములకు అనుకూలం, వేళ్ళు మెత్తబడ్డ గోడను చీల్చుకుని బయటికొస్తాయి. చిక్కంతా కాలంతోనే. ఆరు నెలల్లో అమ్ముడయ్యే గులాబీ, మందారం మొక్కలకు కుదురుతుంది. మామిడి అంటు గిరాకీ లేక రెండో ఏడాదికి నర్సరీలోనే మిగిలిపోతే, సంచి మొక్కకన్నా ముందే నేలలో కలుస్తుంది. అప్పుడా అంటును మట్టిగడ్డతో సహా లేపి, ఇంకో సంచిలోకి మార్చక తప్పదు.